కొమ్ము తీసి, ట పెట్టి

రేగుంటపల్లె (చొప్పదండి దగ్గర)
జూలై 1987

దేవదాసూ,

ఈ ఉత్తరం రాయకపోదును. పొద్దున్నుంచి ముసురు పట్టింది, కిరాయికి సైకిలు అడిగేవాడు లేడు. పంక్చర్లు చూసే తొట్టిలో చినుకులు పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. అది కూడా విసుగెత్తి కలం తీశాను. అంతే తప్ప నీ మీద ప్రేమ పొంగి కాదు. నీకు రాసి ఏం లాభం? నేను "అయి ఉండవచ్చు" అంటాను. నువ్వు "అంతే, ఖతం" అంటావు.

అరవై తొమ్మిదిలో కరీంనగర్ మీటింగులో ఈ సంగతి మీదే నా ముందు పన్ను ఊడగొట్టావు. మన పట్వారి మీటింగుకు వచ్చాడా అని ఎవరో అడిగారు. నేను "వచ్చిండట" అన్నాను. "అట ఏందిర, అట! చూస్తే చెప్పు, లేకుంటే మూసుకో" అని గుద్దావు. ఆ పన్ను పోయాక నాకు 'త' సరిగ్గా పలకదు గాని, దేవుడి దయవల్ల 'ట' మాత్రం చక్కగా పలుకుతుంది.

నా చదువు నీకు తెలిసిందే. మిరపకాయ బజ్జీలు కట్టిన కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఆ కాగితాల్లో ఏ కథకూ మొదలుండేది కాదు, ఏ కథకూ చివర ఉండేది కాదు. మధ్యలో ఒకడు కత్తి ఎత్తేవాడు, అంతలో నూనె మరక. ఎవడు చచ్చాడో నాకు ఈనాటికీ తెలియదు. తెలియకుండా ఉండటం నాకు అలవాటు. నీకది రోగంలా కనబడుతుంది.

అసలు సంగతికి వస్తాను. జనార్దన్‌రావు రైసుమిల్లు గుర్తుంది కదా, బస్సు ఆగే చోట. అడవిలోంచి అన్నల బెదిరింపు చీటీ రాగానే ఆయన కుటుంబాన్ని తీసుకుని కరీంనగర్ వెళ్ళిపోయాడు. మిల్లు మూతపడింది, సున్నం గోడ మిగిలింది. ఇప్పుడు ఊరంతా దాని మీద బొగ్గుతో రాస్తున్నారు. పేరు పెట్టరు. "భూములన్ని పంచాలె" అని ఒకడు. కింద "నీకు నాగలి పట్టుడు వస్తదా?" అని ఇంకొకడు. దాని కింద "నీ అయ్యకు వచ్చునా?" దాని కింద "అయ్య దాక పోతే కాళ్ళు ఇరుగుతయి." పొద్దున అనసూర్య హోటల్లో ఆ ఇద్దరే ఒక చాయ్‌ను రెండు సాసర్లలో పోసుకుంటారు. "అన్నా, చక్కెర జర ఎక్కువైందే" అని ఒకడంటే, "నాది తీసుకో తమ్మీ" అని రెండోవాడు. నోటితో అనలేనిది బొగ్గుతో అంటున్నారు. నేనూ రాస్తాను. నా వాక్యాలన్నీ 'అట'తో ముగుస్తాయి కాబట్టి నాకు 'అటల కైలాసం' అని పేరు పెట్టారు.

మొన్న కాలువ గట్టు మీద అడవివాళ్ళలో కలిసిన ఇద్దరు పిల్లలను పోలీసులు కాల్చి చంపారు. ఎదురుకాల్పులని రేడియో చెప్పింది. ఒకడు మన కమలవ్వ మనుమడు. ఎడ్లబండిలో తెచ్చారు. పైన గుడ్డ తీస్తే మొహం లేదు. కమలవ్వ చేతివేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటీ తడిమి "మనోడే" అంది.

ఆనాటి నుంచి గోడ మీద ఒకటే ప్రశ్న. "పోలీసులకు ఎవడు చెప్పిండు?" దాని కింద పేర్లు. వాన కడుగుతుంది, మళ్ళీ రాస్తారు. నా పేరు కూడా ఒకసారి కనబడింది.

మీ రిబ్కమ్మ బాగానే ఉంది. "మా అన్న ఎప్పుడొస్తడే?" అని అడిగింది. తెలియదన్నాను.

కైలాసం

మంచిర్యాల
జూలై 1987

కైలాసం,

నీ పురాణం అందింది. రెండు ముక్కల ముచ్చటకు ఇన్ని కాయిదాలు ఖరాబు చేస్తవు. గోడను అడిగితే గోడ చెప్తదా? నేను చెప్త, ఇను. ఆ పిల్లగాండ్లు చచ్చిన ముందటి రోజు నేను బస్సుల కరీంనగర్ పోతున్న. ధర్మారం కాడ మా బస్సు పక్కకే పోలీసు జీపు ఆగింది. ముంగట సీట్ల సాబు లెక్క కూసున్నదెవడు? తోమాసు. నా చెల్లె మొగడు తోమాసే. చెల్లె మొగడని దాస్త అనుకున్నవా? క్రిస్మస్ నాడు నా ఇంట్ల తినుకుంట, అడవోళ్ళది న్యాయమా సర్కారుది న్యాయమా అని నేనడిగితే "నాకు తెల్వదు బావా" అన్నడు. తెల్వదనేటోడు ఎటైన పోతడు. ఇటు పోయిండు. వాడే చెప్పిండు. నేను అట అననోణ్ణి. కండ్లార చూసినోణ్ణి.

దేవదాసు

రేగుంటపల్లె
ఆగస్టు 1987

దేవదాసూ,

కార్డు మీద రాశావు.

మన ఊళ్ళో కార్డు ఎలా చేరుతుందో నీకు తెలియనిదా? పోస్టు రామచంద్రం సంచి తెచ్చి హోటల్ బల్ల మీద కుమ్మరిస్తాడు. కవర్లు చేతికిస్తాడు, కార్డులు పైకి చదువుతాడు. కార్డంటే అందరూ వినడానికే అని మన నమ్మకం. పెళ్ళి కబుర్లూ చావు కబుర్లూ అలాగే విన్నాం. నువ్వు ఊళ్ళో ఉన్న రోజుల్లో రామచంద్రానికి గొంతు బాగా లేకపోతే చదివిపెట్టింది నువ్వే.

చదువుతూ చదువుతూ "నా చెల్లె మొగడు" దగ్గర రామచంద్రం గొంతు సన్నబడింది. కాని ఆపలేదు. ఎవరో "ఇంకోసారి సదువు" అన్నారు. చదివాడు. మూలన కమలవ్వ కొడుకు సాసరు కింద పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

పొద్దుగూకేసరికి గోడ మీద మిగతా పేర్లన్నీ మాయం. మిగిలింది ఒకటే, మూరెడు అక్షరాలు: "తోమాసు చెప్పిండు."

నేను తడిగుడ్డ తీసుకెళ్ళాను. పేరు చెరపలేదు, ఎందుకంటే చెప్పలేదని నాకు తెలియదు. 'డు'కు ఉన్న కొమ్ము ఒక్కటి తుడిచాను, పక్కన ట పెట్టాను. "తోమాసు చెప్పిండట." అక్షరానికైనా ఎద్దుకైనా కొమ్ముంటేనే కదా పొడిచేది.

తెల్లారేసరికి ట పోయింది, కొమ్ము మళ్ళీ మొలిచింది. మళ్ళీ తుడిచాను. ఇంకోసారి పోయేసరికి గోడ దగ్గర మనుషులు కాచుకుని ఉన్నారు.

"అక్షరాలు దిద్దేటందుకు నువ్వేమన్న పంతులువా ముసలోడా?"

"పంతులును కాదు బిడ్డా. మీరు చూసిండ్రా అని అడుగుతున్న."

"దేవదాసు చూసిండు! కార్డుల రాసిండు! నువ్వే చెవులార ఇంటివి గద!"

సైకిలు చైనుతో కొట్టారు. నా దుకాణంలో కొన్నదే, గ్రీజు కూడా నేను పెట్టిందే. చెవి మీద పడింది. పై భాగం తెగి వేలాడితే అనసూర్య పసుపు అద్ది గుడ్డ కట్టింది. కింద పడ్డాక కడుపులో తన్నారు. వాళ్ళలో ఒకడికి నేనే సైకిలు తొక్కడం నేర్పాను. మడమతో తన్నడం మాత్రం నా దగ్గర నేర్చుకోలేదు.

తోమాసు నన్ను చూడటానికి వచ్చాడు. బోరు మోటార్లు బాగుచేసే మనిషి, ఎవరి మోటారు కాలినా పోతాడు. ఠాణా బోరు కాలిందట. పెద్ద మోటారు, ఇంటి దగ్గర అయ్యేది కాదని వైండింగుకు ధర్మారం తీసుకుపోయారట. వెనక మోటారూ పైపులూ నింపితే కాలు పెట్టే జాగ లేక ముందు కూర్చోమన్నారట. నేను నమ్మాను. కాని నమ్మడం వేరు, తెలియడం వేరు. నేను ఆ బస్సులో లేను.

నువ్వు ఉన్నావు. అందుకని ఒక్కటే అడుగుతాను. జీపు వెనక ఏమున్నది? చూసినదంతా రాయి. కార్డు మీదే రాయి. కవరులో పెడితే ఎవరూ వినరు.

కైలాసం

మంచిర్యాల
ఆగస్టు 1987

కైలాసం,

కవర్ల రాస్తున్న, రామచంద్రం నోట్ల పడకుంట. నీ చెవి సంగతి చదివినంక అన్నం సయించలే. దవాఖానకు పోయి కుట్లు ఏపిచ్చుకో, పసుపుతోని కాదు.

అయితే నేను చూసింది చూసిన. ఇక్కడ చర్చి కాడ చెప్పిన, రైల్వే క్వార్టర్ల కాడ చెప్పిన. "సొంత చెల్లె మొగడైన ఇడువలే, మగోడంటే దేవదాసు" అని భుజం తట్టిండ్రు. ఇప్పుడు పోయి కాదంటే నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె? మనిషి ముంగట సీట్ల కూసున్నడా లేదా, గది చెప్పు. కూసున్నడు. వెనకాల ఏముంటే ఏంది?

నువ్వు ఎప్పుడు గింతే. మనిషి సూర్యుణ్ణి చూపెడితే నువ్వు సూర్యుని వెనకాల ఏమున్నదని అడుగుతవు. గీ ట, గీ కొమ్ము, గిదంత తిన్నది అరగనోని పని. ఊర్ల ఇద్దరు పిల్లగాండ్లు చచ్చిండ్రు. ఎవడో ఒకడు చెప్పిండు గద. గాలి పోయి చెప్పలే.

రిబ్కమ్మ నా మీద కోపంగున్నదా?

దేవదాసు

రేగుంటపల్లె
ఆగస్టు 1987

దేవదాసూ,

కోపంగా ఉందా అని అడిగావు. ఎంత కోపంగా ఉందో నీకు చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి.

ఇద్దరు మనుషులు నా దుకాణానికి వచ్చారు. కొత్తవాళ్ళు, అడవిలోంచి వచ్చారట. ఒకడి భుజం మీద తువ్వాల, దాని కింద ఏదో పొడుగాటిది. రెండోవాడు సైకిలు ముందు చక్రం చూపి గాలి కొట్టమన్నాడు. చక్రంలో గాలి బాగానే ఉంది. అయినా కొట్టాను.

"తాతా, గోడ మీద ట పెట్టేది నువ్వేనా?"

"నేనే."

"తోమాసు చెప్పలేదని నువ్వు చెప్తవా?"

"మోటారు బాగుచేయించేటందుకు పోయిండట."

"అట పక్కకు పెట్టు. చెప్పలేదు అని చెప్తవా?"

"నాకు తెల్వదు బిడ్డా."

"చెప్పిండని చెప్తవా?"

"గది గూడ తెల్వదు."

తువ్వాల మనిషి నవ్వాడు. నవ్వితే చిన్నవాడిలా ఉన్నాడు. "తెల్వదనేటోనితోని మాకేం పని? చూసినోడు కావాలె. ఆ కార్డు రాసినాయన్ను రమ్మను, లేకుంటే ఇంకో కార్డు రాయమను. ముసురు ఇడిచేదాక ఆగుతం" అన్నాడు. గాలి కొట్టినందుకు పావలా ఇవ్వబోతే వద్దన్నాను.

దుకాణం వెనక రేకు పక్కన రిబ్కమ్మ నిలబడి అంతా విన్నది. వాళ్ళు పోయాక ముందుకు వచ్చింది. అరవలేదు.

"అన్నా, ఒక్క అబద్ధం. ఒక్కటంటే ఒక్కటి. చెప్పలే అంటే నీ నోరు పడిపోతుండెనా?"

నేను చైను తుడుస్తూ ఉండిపోయాను.

"మా అన్న తెల్వక తెలుసంటడు. నువ్వు తెలిసి తెల్వదంటవు. మీ ఇద్దరి నడుమ నా మొగడు సస్తడు."

తెలిసి కాదు చెల్లె, అనబోయాను. అన్నా ఆమెకు దానితో పనిలేదు.

తోమాసును పారిపొమ్మన్నాను. పిల్లలను తీసుకుని మంథని వైపు పోయి ఎవరి పొలంలోనైనా బోరు పని చూసుకొమ్మన్నాను. "ఉరికితే చెప్పినట్టే అయితది గద అన్నా" అన్నాడు. ఇంటి ముందు కూర్చుని ఎవరిదో మోటారు విప్పి రాగి తీగ చుడుతున్నాడు. ఆ వేళ్ళు ఒక్క చుట్టు కూడా తప్పడం లేదు.

నీ కవరు మళ్ళీ మళ్ళీ చదివాను. "వెనకాల ఏముంటే ఏంది" అన్నావు. నిన్ను నేను లాగుల నాటి నుంచి ఎరుగుదును. ఏమీ లేకపోతే "ఏం లేదు, ఖతం" అని రాసేవాడివి. ఏంది అన్నావంటే ఉన్నది.

వాన సన్నబడుతోంది.

కైలాసం

మంచిర్యాల
ఆగస్టు 1987

కైలాసానికి, రామచంద్రానికి, హోటల్ల ఉన్నోళ్ళందరికి,

ఇనుండ్రి. జీపు వెనకాల మోటారు ఉండె. తాళ్ళతోని కట్టి ఉండె. పైపులు బయటికి వచ్చి వాటికి ఎర్రగుడ్డ కట్టి ఉండె. నేను చూసిన. చూసి కార్డుల రాయలే. రాస్తే ముచ్చటల పస పోతదనుకున్న. తోమాసు చెప్పిండో చెప్పలేదో నాకు తెల్వదు. అటెన్క అదే బస్సు మన ఊర్ల ఆగింది. దిగి రిబ్కమ్మను ఒక్క మాట అడిగితే అయిపోతుండె. క్రిస్మస్ నాటి కోపంతోని దిగలే. మళ్ళ చెప్తున్న, నాకు తెల్వదు.

దేవదాసు

రేగుంటపల్లె
సెప్టెంబరు 1987

దేవదాసూ,

నీ కార్డు అందింది. వాన నిలిచిన మర్నాడు అందింది. అప్పటికి వాళ్ళు ఇంకా రాలేదు. కాబట్టి ఆలస్యమైందని నువ్వు నిన్ను తిట్టుకోవద్దు. సమయానికే వచ్చింది. అదే నాకు మింగుడుపడటం లేదు.

రామచంద్రం బల్ల మీదికెక్కి చదివాడు. నేనే ఎక్కమన్నాను. బాగా చదివాడు, ఎర్రగుడ్డ దగ్గర గొంతు పెంచాడు కూడా. చదివి బల్ల దిగాడు. అప్పుడు మూలనుంచి ఒకడు మెల్లగా అన్నాడు:

"మోటారు ఉండెనట!"

హోటలంతా నవ్వింది. "ఎర్రగుడ్డ కట్టి ఉండెనట!" అని ఇంకొకడు. "చెల్లె ఏడ్చిందట, అన్న కార్డు రాసిండట!" అని మరొకడు. దేవదాసూ, నా బతుకంతా నేను పెంచుకున్న ట అది. పన్ను పోగొట్టుకుని, చెవి కోయించుకుని కాపాడుకున్నది. ఆ రోజు ఊరందరి నోట్లోకీ ఒక్కసారే వచ్చింది. నువ్వు 'చెప్పిండు' అని రాస్తే దానికి ట తగిలించడానికి ఊళ్ళో నేనొక్కణ్ణే. 'తెల్వదు' అని రాస్తే అందరూ తగిలించారు.

నేను పోయి గోడ మీద బొగ్గుతో రాశాను: "జీపు వెనకాల మోటారు ఉండె." ట లేకుండా రాశాను. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. తిట్టు కూడా రాయలేదు. మా గోడ మీద జవాబు పుట్టని మాట అదొక్కటే.

ఆ సాయంత్రమే తోమాసును ఇంటి ముందు నుంచి లాక్కొచ్చారు. మిల్లు ఆవరణలోకి అందరినీ రమ్మన్నారు. వెళ్ళాం. తువ్వాల మనిషి మెట్టు మీద నిలబడి సావధానంగా మాట్లాడాడు. "ఒక కార్డు చెప్పిండంటది. ఇంకో కార్డు తెల్వదంటది. గోడ మీద డు ఉన్నది, ట ఉన్నది. రుజువు సగమే ఉన్నది. గందుకని శిక్ష గూడ సగమే."

సగమంటే ఏమిటో మాకు అప్పుడు అర్థం కాలేదు.

తోమాసు చేతులను వడ్లు పోసే చప్టా అంచు మీద పెట్టించారు. ఇద్దరు భుజాలు అదిమారు. ఒకడు బోరు పైపు ముక్క తెచ్చాడు. తోమాసు ఇంటి ముందు నుంచి తెచ్చిందే.

అప్పుడు నేను అరిచాను. ఎలా వచ్చిందో తెలియదు. "చెప్పలే! తోమాసు చెప్పలే! నాకు తెలుసు!"

తువ్వాల మనిషి నా వైపు తిరిగాడు. కోపం లేదు. "మొన్న తెల్వదంటివి గద తాతా. ఇయ్యాల ఎట్ల తెలిసింది?"

నేను నోరు తెరిచేలోపే పైపు లేచింది.

మొదటి దెబ్బకు కుడి మణికట్టు చిట్లింది. పచ్చి కట్టె విరిచినట్టు వినబడింది. తోమాసు "యేసయ్యా" అన్నాడు. రెండో చేతి మీద రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది, మొదటిది సరిగ్గా పడక. ఎముక తోలు చీల్చి బయటికి వచ్చింది. చప్టా వాలుగా ఉంటుంది కదా, నెత్తురు ఆగకుండా గుమ్మం దాకా వచ్చింది. కాళ్ళు తీసి జరిగాం. కమలవ్వ అక్కడే ఉంది. పైపు లేచినప్పుడల్లా కళ్ళు మూసుకుంది. కొడుకు మాత్రం చూస్తూ నిలబడ్డాడు.

ప్రాణం ఉంది. కరీంనగర్ దవాఖానలో కట్లు కట్టారు. వేళ్ళు ఇక వంగవని డాక్టరు చెప్పాడు. ఆయన 'ట' అనలేదు.

ఆ సగంలో నా ట మిగిల్చింది ఎంతో, నా 'తెల్వదు' తీసుకున్నది ఎంతో తేల్చుకోలేకపోతున్నాను. రిబ్కమ్మ తేల్చుకుంది. నా దుకాణం ముందు నుంచి పోయేటప్పుడు ముఖం తిప్పుకుని పోతుంది.

కైలాసం

మంచిర్యాల
సెప్టెంబరు 1987

కైలాసం,

పొద్దటి బస్సుకు వస్త. ఈసారి దిగుత. నువ్వు బస్సు కాడికి రాకు. నన్ను ఎవడన్న కొడితే కొట్టనీ, అడ్డం రాకు. చర్చి కాడోళ్ళకు అంత చెప్పిన. ఇప్పుడు ఎవడు నా భుజం తట్టుతలేడు.

దేవదాసు

రేగుంటపల్లె
నవంబరు 1987

దేవదాసూ,

నువ్వు వచ్చి పోయి నెల దాటింది. నిన్ను ఎవరూ కొట్టలేదు. దానికి నువ్వు నొచ్చుకున్నావని నాకు తెలుసు. కొట్టి ఉంటే బస్సెక్కడం నీకు సులువయ్యేది. హోటల్లో నీకు అందరూ చాయ్ ఇప్పించారు. ఇక్కడ నువ్వు ఇప్పటికీ పెద్దమనిషివే. వాళ్ళ లెక్కలో ఒక కార్డులో నిజం చెప్పినవాడివి, రెండో కార్డు చెల్లె కన్నీళ్ళకు రాసినవాడివి.

రిబ్కమ్మ నీతో మాట్లాడలేదు, కాని నీళ్ళు ఇచ్చింది. కంచం నీ చేతికిచ్చి తోమాసు వైపు చూపింది. నువ్వు కలిపి నోట్లో పెడుతుంటే నేను గడప బయట నుంచి చూశాను. పెట్టడం రాక పెద్ద పెద్ద ముద్దలు పెట్టావు. "బావా, జర చిన్నగ పెట్టు" అన్నాడు తోమాసు. నువ్వు మొహం అవతలికి తిప్పుకున్నావు. ఆ మాట నేనిక ఎవరికీ చెప్పను. గోడ మీద రాయను.

గోడకు ఎవరో సున్నం వేశారు. ఎవరో తెలియదు. దాని మీద ఇంకా ఏమీ రాయలేదు.

నిన్న ఠాణా బోరు మళ్ళీ కాలింది. జగిత్యాల నుంచి కొత్త మెకానిక్కును తెచ్చుకున్నారు. మేకల మంద అడ్డం వచ్చి జీపు నా దుకాణం ముందు ఆగింది. ముందు సీటు ఖాళీగా ఉంది. అతను వెనక, మోటారు మీద, తాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

కైలాసం